‘అక్రూ’, ‘అక్యుమ్యులేట్’: క్రమంగా పెరగడాన్ని చెప్పే ఈ రెండు ఆంగ్ల క్రియల మధ్య తేడా ఏమిటి?

భాషాభిలాషి:

సభ్యులందరికీ నమస్కారం. ఆంగ్లంలో ‘అక్రూ’ అనే క్రియకూ ‘అక్యుమ్యులేట్’ అనే క్రియకూ నిఘంటువులు దాదాపు ఒకే అర్థం ఇస్తున్నాయి. కాలం గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా పెరగడం, పోగుపడడం అని రెండింటికీ రాసి ఉంటుంది. అయినా ఆంగ్లం బాగా తెలిసినవారు బల్ల మీద దుమ్ము ‘అక్యుమ్యులేట్’ అయిందని రాస్తారు గాని, ‘అక్రూ’ అయిందని రాయరు. కంపెనీల ఆస్తి అప్పుల పట్టీలో ‘అక్రూడ్ ఎక్స్‌పెన్సెస్’ అని ఒక వరుస, ‘అక్యుమ్యులేటెడ్ డిప్రిసియేషన్’ అని మరొక వరుస కనిపిస్తాయి. ఈ రెండు విశేషణాలను తారుమారు చేసిన పట్టీ నాకు ఇంతవరకు ఎదురుకాలేదు. ఇది కేవలం వాడుకలో స్థిరపడిన జంటపదాల వ్యవహారమా, లేక అర్థంలోనే తేడా ఉందా? తేడా ఉంటే, రాసేటప్పుడు దేన్ని ఎక్కడ వాడాలో తేల్చుకునే ఉపాయం ఏమిటి? తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

ఖాతాలెక్క:

మీరు చెప్పిన ఆ రెండు వరుసలలోనే సమాధానం ఉంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఒక సంస్థ జీతాలను మరుసటి నెల 5వ తేదీన చెల్లిస్తుందనుకుందాం. నెలాఖరున లెక్కలు మూసే నాటికి ఉద్యోగులు నెలంతా పని చేసి ఉన్నారు, డబ్బు మాత్రం ఇంకా వారి చేతికి రాలేదు. పని జరిగిన ప్రతి రోజూ ఆ రోజు జీతం ఉద్యోగికి రావలసినదిగా, సంస్థ ఇవ్వవలసినదిగా ఏర్పడుతూ వచ్చింది. ఎవరూ ప్రత్యేకంగా ఏమీ చేయకపోయినా, చిట్టాలో ఒక్క అక్షరం రాయకపోయినా, ఆ బాధ్యత ఏర్పడక మానదు. దానినే ‘అక్రూడ్’ అంటారు. 5వ తేదీన చెల్లింపు జరగగానే ఆ వరుసలోని అంకె సున్నా అవుతుంది.

ఇప్పుడు యంత్రం సంగతి చూడండి. 1,00,000కు కొన్న యంత్రం 10 సంవత్సరాలు పనిచేస్తుందని, చివరకు దాని విలువ ఏమీ మిగలదని లెక్క వేసుకుంటే ఏటా 10,000 తరుగుదల రాస్తాం. మూడవ సంవత్సరం చివర ‘అక్యుమ్యులేటెడ్ డిప్రిసియేషన్’ 30,000. ఈ 30,000 ఎవరికీ చెల్లించవలసిన సొమ్ము కాదు, ఎవరి హక్కూ కాదు. మూడేళ్ల అంకెలు ఒకదాని మీద ఒకటి చేరగా వచ్చిన మొత్తం మాత్రమే. యంత్రాన్ని అమ్మినప్పుడో, పనికిరాదని తీసివేసినప్పుడో తప్ప మామూలుగా అది పెరుగుతూనే పోతుంది.

అందువల్ల నా దృష్టిలో తేడా ఇది: ‘అక్రూ’ అయ్యేది ఒకరికి రావలసినది, లేదా ఒకరు ఇవ్వవలసినది. ‘అక్యుమ్యులేట్’ అయ్యేదానికి అటువంటి సంబంధం అక్కరలేదు. అది పోగు కావడం ఒక్కటే చాలు.

మూలధాతువు:

పదాల పుట్టుక కూడా ఖాతాలెక్క గారి మాటకు దగ్గరగానే ఉంది. ‘అక్రూ’కు మూలం ‘పెరగడం’ అనే అర్థమున్న లాటిన్ ధాతువు ‘క్రెస్కెరె’. దానికి ‘వైపు, చేరి’ అనే అర్థమిచ్చే ఉపసర్గ కలిసి ‘అక్రెస్కెరె’ అయింది. అంటే ఉన్నదానికి చేరి పెరగడం. అది పాత ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దంలో ఆంగ్లంలోకి వచ్చింది. ‘ఇంక్రీజ్’, ‘ఇంక్రిమెంట్’, నెలవంకను చెప్పే ‘క్రెసెంట్’ అన్నీ ఆ ధాతువు సంతానమే.

‘అక్యుమ్యులేట్’లో ఉన్నది ‘కుములస్’, అంటే కుప్ప. ఆంగ్లంలోకి ఇది 16వ శతాబ్దంలో వచ్చింది. ల్యూక్ హోవర్డ్ అనే ఆంగ్లేయుడు 1802లో మేఘాలకు పేర్లు పెట్టినప్పుడు, కుప్ప పోసినట్లుండే తెల్లని మేఘానికి ‘క్యుములస్’ అని పెట్టిన పేరు ఈ మాట నుంచే వచ్చింది.

పెరుగుదలకు పెరిగే వస్తువు ఒకటి ముందుగా ఉండాలి. కుప్పకు అటువంటి నియమం లేదు, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవి ఒకచోట చేరితే చాలు. బల్ల మీద దుమ్ము పేరుకుంటే బల్ల పెరిగినట్లు కాదు. అసలు మీద వడ్డీ ఏర్పడడం మాత్రం ఆ అసలు నుంచే, అది ఉండబట్టే జరుగుతుంది.

నిశితం:

వివరణలు బాగున్నాయి గాని, మూలార్థాన్ని పట్టుకుని నేటి వాడుకను నిర్ణయించడం ప్రమాదకరమని నా అభిప్రాయం. ఒక పదం 15వ శతాబ్దంలో ఏ రూపంలో వచ్చినా, ఇప్పుడు దాన్ని వాడేవారు లాటిన్ తలచుకుని వాడడం లేదు. పత్రికలలో, ప్రసంగాలలో అనుభవం ‘అక్రూ’ చేసుకున్నారని, పాయింట్లు ‘అక్రూ’ చేసుకున్నారని రాస్తున్నారు. ప్రసిద్ధ నిఘంటువులు కూడా ఆ సకర్మక ప్రయోగాన్ని అంగీకరించాయి.

అంతేకాక, ‘రావలసినది, ఇవ్వవలసినది’ అనే కొలబద్దకు లొంగని ప్రయోగం ఒకటి వైద్యరంగంలోనే ఉంది. కొత్త మందును పరీక్షించే అధ్యయనాలలో రోగులను చేర్చుకోవడాన్ని ‘పేషెంట్ అక్రూవల్’ అంటారు. అక్కడ ఎవరూ ఎవరికీ బాకీ లేరు, హక్కు ఏర్పడలేదు. చేరినవారి సంఖ్య క్రమంగా పెరిగింది, అంతే. దీన్ని మీ సూత్రంలో ఎలా ఇముడుస్తారు?

మూలధాతువు:

నిశితం గారు ఎత్తిన ఉదాహరణ చాలా విలువైనది. వైద్యరంగంలోని ఆ ప్రయోగం ‘బాకీ, హక్కు’ అనే సూత్రానికి లొంగదన్న మాట నిజం. అయితే ‘ఉన్నదానికి చేరి పెరగడం’ అనే విశాలమైన అర్థానికి అది చక్కగా సరిపోతుంది. సైన్యంలో కొత్తగా చేరేవారిని చెప్పే ‘రిక్రూట్’ కూడా ఈ ధాతువు నుంచే ఫ్రెంచి ద్వారా వచ్చింది. ఓడ సిబ్బందిని చెప్పే ‘క్రూ’కు 15వ శతాబ్దంలో తొలి అర్థం ఉన్న సైన్యానికి అదనంగా పంపిన బలగం. అధ్యయనం ముందే ఏర్పడి ఉంది, దానికి ఒక్కొక్కరు వచ్చి చేరుతున్నారు, చేరిన ప్రతి ఒక్కరితో ఆ అధ్యయనం పెరుగుతోంది. అందువల్ల నేను సూత్రాన్ని ఇలా సవరిస్తాను: ‘అక్రూ’ అయ్యేదానికి ముందే నిలిచి ఉన్న ఒక ఆధారం కావాలి. ఆ ఆధారం అప్పిచ్చిన అసలు కావచ్చు, చేసిన సేవ కావచ్చు, ఒక వ్యక్తి కావచ్చు, ఒక అధ్యయనం కావచ్చు. హక్కు, బాకీ అనేవి ఆ ఆధారానికి ఎక్కువగా కనిపించే రూపాలు మాత్రమే.

బోధకుడు:

వాక్యనిర్మాణం వైపు నుంచి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. విద్యార్థులకు నేను ముందుగా విభక్తి స్థానంలో వచ్చే చిన్న పదాలను చూడమని చెబుతాను. ‘అక్రూ’ తర్వాత సాధారణంగా ‘టు’, ‘ఫ్రమ్’, ‘ఆన్’ అనేవి వస్తాయి. ‘టు’ ఎవరికి చేరుతుందో చెబుతుంది, ‘ఫ్రమ్’ దేని వల్ల వచ్చిందో చెబుతుంది, ‘ఆన్’ దేని మీద ఏర్పడిందో చెబుతుంది. ఒప్పందం వల్ల ఇరుపక్షాలకూ ప్రయోజనాలు ‘అక్రూ’ అవుతాయనే వాక్యంలో పుట్టిన చోటు, చేరే చోటు రెండూ ఉన్నాయి. ‘అక్యుమ్యులేట్’ తర్వాత ఎక్కువగా వచ్చేది స్థలాన్ని చెప్పే మాట: చేపల శరీరంలో పాదరసం, ఊపిరితిత్తులలో ద్రవం, కొండ వాలు మీద మంచు. ఇవి ఎక్కడ పోగుపడ్డాయో వాక్యం చెబుతుంది గాని ఎవరికి చెందుతాయో చెప్పదు, చెప్పవలసిన అవసరమూ లేదు.

రెండవ సంగతి సకర్మకత్వం. ‘అక్యుమ్యులేట్’ ఎప్పటి నుంచో రెండు విధాలా నడుస్తోంది. సంపద పోగుపడుతుంది, మనిషి సంపదను పోగుచేస్తాడు. ‘అక్రూ’ ప్రధానంగా అకర్మకం, దానంతట అదే ఏర్పడేది. నిశితం గారు చెప్పినట్లు సకర్మక ప్రయోగం నిఘంటువులలోకి ఎక్కిన మాట వాస్తవమే. అయినా జాగ్రత్తగా రాయవలసిన వ్యాసంలో ‘ఆయన గొప్ప గ్రంథాలయాన్ని అక్రూ చేశారు’ అని రాస్తే చదువరికి ఎక్కడో తట్టుకుంటుంది. పుస్తకాలను వెతికి, ఎంచి, కొని, భద్రపరచిన మనిషి శ్రమ ఆ క్రియలో కనిపించదు.

ఖాతాలెక్క:

బోధకుడు గారి మాటకు ఒక్క మినహాయింపు చేర్చాలి. గణకవృత్తిలో ‘అక్రూ’ సకర్మకంగా రావడం నిర్దుష్టమైన ప్రయోగం. ‘ఈ నెల విద్యుత్ ఖర్చును అక్రూ చేశాం’ అంటే ఖర్చును పోగుచేశామని అర్థం కాదు. బిల్లు ఇంకా రాకపోయినా, వాడుకున్నది ఈ నెలలోనే కనుక దాన్ని ఈ నెల ఖర్చుగానే పుస్తకాలలో నమోదు చేశామని అర్థం. డబ్బు చేతులు మారిన రోజున కాక, హక్కూ బాధ్యతా ఏర్పడిన కాలంలోనే రాబడినీ ఖర్చునూ చూపే పద్ధతికి ‘అక్రూవల్ పద్ధతి’ అనే పేరు వచ్చింది ఇందుకే.

ఈ రెండు పదాలూ పక్కపక్కనే నిలిచి వేర్వేరు అంకెలను చెప్పే చోటు వడ్డీ లెక్క. 36,500 అసలు మీద ఏడాదికి 10 శాతం సాధారణ వడ్డీ అనుకుంటే ఏడాదికి 3,650, అంటే రోజుకు సరిగ్గా 10. 73 రోజులు గడిచేసరికి ‘అక్రూడ్ ఇంట్రెస్ట్’ 730. ‘అక్యుమ్యులేటెడ్ వాల్యూ’ ఎంత అని అడిగితే జవాబు 37,230, ఎందుకంటే అది అసలూ వడ్డీ కలిసిన మొత్తం. ఆర్థిక గణితం చదివేవారు ఈ తేడాను గమనించకపోతే జవాబులో అసలు మొత్తమే ఎగిరిపోతుంది.

బాండ్లలో ఇది ఇంకా స్పష్టం. 1,000 ముఖవిలువ ఉన్న బాండు ఏడాదికి 6 శాతం చొప్పున ఆరు నెలలకోసారి 30 వడ్డీ ఇస్తుందనుకోండి. వడ్డీ తేదీ తర్వాత మూడు నెలలకు దాన్ని అమ్మితే, అప్పటికి ఏర్పడిన 15 అమ్మినవారికి చెందుతుంది. అందువల్ల బాండుకు చెప్పిన ధరకు ఆ 15 కలిపి కొనేవారు చెల్లిస్తారు. అది కలపని ధరను ‘క్లీన్ ప్రైస్’ అని, కలిపిన ధరను ‘డర్టీ ప్రైస్’ అని వ్యవహరిస్తారు. తర్వాతి వడ్డీ తేదీన 30 చెల్లించగానే అక్రూడ్ ఇంట్రెస్ట్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

భాషాభిలాషి:

చాలా తేటగా ఉంది, అందరికీ ధన్యవాదాలు. అయితే ఉద్యోగ నియమాలలో సెలవుల గురించి చదువుతున్నప్పుడు ఒకే పేరాలో ‘అక్రూడ్ లీవ్’ అని, ‘అక్యుమ్యులేటెడ్ లీవ్’ అని రెండూ కనిపించాయి. సెలవు రెండు సందర్భాలలోనూ ఉద్యోగికి చెందినదే, సేవ ఆధారంగా వచ్చినదే. మరి అక్కడ రెండు పదాల అవసరం ఏమిటి?

ఖాతాలెక్క:

అక్కడ అవి రెండు వేర్వేరు అంకెలు. నెలకు 2 రోజుల చొప్పున సెలవు వస్తుందంటే ఏడాదిలో ‘అక్రూ’ అయినవి 24. అందులో 9 వాడుకుంటే మిగిలినవి 15, వాటిని మరుసటి ఏడాదికి తీసుకువెళ్తే ‘అక్యుమ్యులేట్’ అయినవి 15. మొదటిది ఎంత వేగంతో హక్కు ఏర్పడుతోందో చెబుతుంది. రెండవది వాడక మిగిలి ఎంత నిల్వ ఉందో చెబుతుంది. గరిష్ఠ నిల్వ 30 రోజులకు మించరాదని నియమం ఉంటే ఆ పరిమితి రెండవ అంకెకే వర్తిస్తుంది. నిల్వ నిండిన తర్వాత కొత్త సెలవు ఏర్పడడమే ఆగిపోతుందా, లేక ఏర్పడినా ఏడాది చివర రద్దవుతుందా అనేది నియమావళిలో ఏ క్రియను వాడారన్న దాని మీద ఆధారపడుతుంది కనుక ఆ వాక్యాన్ని నిదానంగా చదవాలి.

పింఛనులో కూడా ఇదే పద్ధతి. బ్రిటన్‌లో చివరి జీతం ఆధారంగా ఇచ్చే పాత పింఛను పథకాలలో ‘అక్రూవల్ రేటు’ తరచుగా అరవయ్యవ వంతు లేదా ఎనభయ్యవ వంతు ఉండేది. అరవయ్యవ వంతు పథకంలో 30 ఏళ్లు పనిచేసినవారికి చివరి జీతంలో సగం పింఛనుగా ఏర్పడుతుంది. అక్కడ సొమ్ము ఉద్యోగి పేరిట ఒకచోట కుప్పగా చేరడం లేదు, సేవాకాలంతో పాటు హక్కు పెరుగుతోంది.

న్యాయపథం:

ఇంతవరకు అందరూ రెండు పదాలకూ ‘క్రమంగా’ అనే లక్షణం సమానమని అనుకుని చర్చిస్తున్నారు. న్యాయశాస్త్రంలో ‘అక్రూ’ క్రమంగా జరగనవసరం లేదు. ఇంగ్లండులో 1980 నాటి లిమిటేషన్ చట్టం 5వ సెక్షను ప్రకారం, సాధారణ ఒప్పందానికి సంబంధించిన దావాను కారణం ‘అక్రూ’ అయిన తేదీ నుంచి ఆరు సంవత్సరాలు దాటాక వేయకూడదు. ఒప్పందాన్ని ఉల్లంఘించిన క్షణంలోనే దావా హక్కు పూర్తిగా ఏర్పడుతుంది. అది కొద్దికొద్దిగా పెరిగేది కాదు. నష్టం తర్వాత ఎప్పుడో బయటపడినా ఒప్పందం విషయంలో లెక్క ఉల్లంఘన నాటి నుంచే. నిర్లక్ష్యం వల్ల కలిగిన హాని విషయంలో మాత్రం, హాని జరిగినప్పుడే హక్కు ఏర్పడుతుంది. రెండింటిలోనూ ప్రశ్న ‘ఎంత పెరిగింది?’ అని కాదు, ‘ఎప్పుడు చేతికి అందే హక్కుగా మారింది?’ అని. ఈ సందర్భంలో ‘అక్యుమ్యులేట్’ వాడితే వాక్యానికి అర్థమే ఉండదు.

మూలధాతువు గారు చెప్పిన ‘చేరి పెరగడం’ అనే భావం కూడా చట్టంలో చాలా పాతది. నది తన ఒడ్డున ఉన్న భూమికి కంటికి తెలియనంత నెమ్మదిగా ఒండ్రు చేర్చితే, ఆ చేరిన నేల ఒడ్డు యజమానికే చెందుతుందని 533లో వెలువడిన రోమన్ చక్రవర్తి జస్టీనియన్ శాసనసంగ్రహం చెబుతుంది. ఆంగ్ల న్యాయశాస్త్రంలో దీని పేరు ‘అక్రీషన్’. నది ఒక్కసారిగా దారి మార్చుకుని భూమి ముక్కను తెగ్గొట్టి మరొక ఒడ్డున పడవేస్తే అది అక్రీషన్ కాదు, ఆ ముక్క పాత యజమానిదే. నెమ్మదితనమూ, చేరిన వస్తువు ఆధారానికి చెందడమూ ఈ పదకుటుంబంలో ఎంత పాతగా ముడిపడి ఉన్నాయో ఇక్కడ కనిపిస్తుంది.

నిశితం:

న్యాయపథం గారి మొదటి ఉదాహరణ నన్ను ఒప్పించింది. ‘క్రమంగా పెరగడం’ అనే నిఘంటువు అర్థం ‘అక్రూ’కు ప్రధానార్థం కాదని, హక్కుగానో చేర్పుగానో ఏర్పడడం ప్రధానమని, క్రమత్వం చాలా సందర్భాలలో తోడుగా వచ్చే లక్షణమని అర్థమవుతోంది. అయినా పాయింట్లు, అనుభవం వంటి కొత్త ప్రయోగాలను తప్పు అనడానికి నేను సిద్ధంగా లేను. తరచుగా ప్రయాణించేవారికి విమాన సంస్థలు ఇచ్చే పాయింట్లు ‘అక్రూ’ అవుతాయనడం, చేసిన ప్రయాణానికి ప్రతిగా ఏర్పడే హక్కు అనే అర్థంలో పూర్తిగా సమంజసం. ‘అనుభవం అక్రూ చేసుకున్నారు’ అన్నది బలహీనమైన ప్రయోగమని మాత్రం అంగీకరిస్తాను.

అనువాదపథికురాలు:

అనువాదంలో ఈ రెండు క్రియలకూ ‘పేరుకుపోవు’ అనే ఒక్క మాటనే వాడేవారు చాలామంది ఉన్నారు. బకాయిలు, దుమ్ము, చెత్త పేరుకుపోతాయి. అందులో వద్దనుకున్నది మిగిలిపోయిందనే ధ్వని ఉంది కనుక ‘అక్యుమ్యులేట్’కు కొన్ని చోట్ల బాగా సరిపోతుంది. ఒప్పందం వల్ల ప్రయోజనాలు పేరుకుపోయాయని రాస్తే మాత్రం అపార్థమే. అక్కడ నేను ‘సమకూరాయి’ అని గాని, చట్టపరమైన పత్రమైతే ‘హక్కు సంక్రమించింది’, ‘హక్కు ఏర్పడింది’ అని గాని రాస్తాను. వడ్డీ విషయంలో ‘నాటికి అయిన వడ్డీ’ అనే వాడుక మాట ఏ పారిభాషిక పదానికీ తీసిపోదు.

భాషాభిలాషి:

చివరిగా ఒక వాక్యం. ఒక ట్రస్టు పత్రంలో ‘ట్రస్టుకు అక్రూ అయ్యే ఆదాయాన్ని ట్రస్టీలు అక్యుమ్యులేట్ చేయవలెను’ అన్న అర్థంలో రెండు క్రియలూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఇక్కడ రెండవ క్రియ ఏ పనిని ఆజ్ఞాపిస్తోంది?

న్యాయపథం:

ఆదాయాన్ని ఎవరికీ పంచకుండా మూలధనంలో కలపమని ఆజ్ఞాపిస్తోంది. ఆదాయం ఏర్పడడం ఆస్తి స్వభావం, అందుకు ట్రస్టీల నిర్ణయం అక్కరలేదు. దాన్ని పంచాలా, కూడబెట్టాలా అన్నది మాత్రం పత్రం రాసినవారి నిర్ణయం. దాన్ని అమలు చేయడం ట్రస్టీల పని.

ఈ రెండవ క్రియ కోసం ఇంగ్లండులో ప్రత్యేకంగా ఒక చట్టమే వచ్చింది. లండన్ వర్తకుడు పీటర్ థెలసన్ 1797లో మరణించాడు. తన ఆస్తిలో అధికభాగం మీద వచ్చే ఆదాయాన్ని, అప్పటికి బతికి ఉన్న తన కొడుకులూ మనుమలూ అందరూ మరణించేదాకా కూడబెట్టి, ఆ తర్వాతి తరం వారసులకు ఇవ్వాలని వీలునామా రాశాడు. ఆ మొత్తం ఊహకందనంత పెరుగుతుందని అందరూ ఆందోళన పడగా, పార్లమెంటు 1800లో అక్యుమ్యులేషన్స్ చట్టం చేసి, ఆదాయాన్ని కూడబెట్టమని ఆదేశించగల కాలానికి హద్దు పెట్టింది. వీలునామా రాసినవారి మరణం తర్వాత 21 సంవత్సరాలు అనేది ఆ హద్దులలో ఒకటి. థెలసన్ వీలునామా అంతకు ముందే అమలులోకి వచ్చింది కనుక దానికి ఈ చట్టం వర్తించలేదు. 2009లో వచ్చిన చట్టం, దాని తర్వాత ఏర్పడే సాధారణ ట్రస్టులకు ఈ నిషేధాన్ని తొలగించి, దాతృత్వ ట్రస్టులకు మాత్రం 21 సంవత్సరాల పరిమితిని నిలిపింది. మీ చేతిలో ఉన్న పత్రం ఇంగ్లండు చట్టం కిందిదైతే, అది ఏ సంవత్సరంలో రాసినదో, ట్రస్టు ఏ రకమైనదో ముందుగా చూడండి. ఆ వాక్యంలోని మొదటి క్రియకు ఈ చట్టాలతో పని లేదు, రెండవ క్రియ ఎంతకాలం చెల్లుతుందన్నది మాత్రం వాటి మీదే ఆధారపడి ఉంటుంది.